కంపౌండరే ఖూనీ చేసిండు

మాన్వి బజారులో బట్టల దుకాణం. మిట్టమధ్యాహ్నం గల్లా ముందు రామదాసు, ఎదురుగా అతని భార్య ఆండాళ్.

"...గా వాన సీనుల ఖాళీ గొడుగు ఒక్కటే గాలికి దొర్లుకుంట పోతది సూడు ఆండాళు, ఆహా! రంగులు లెవ్వు, పాటలు లెవ్వు. అయినా ఒళ్లు జలదరిస్తది. నిజంగ జరిగిన ఖూన్ మీద రాసిన పుస్తకం, దాని మీద తీసిన సినిమా. గందుకే గంత దమ్ము!"

"రేపు రాయచూరు సభల గిట్లనే మాట్లాడుతరా?"

"గిట్లనే. ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఆఖరు గురించి ఏం చెప్పకపోతిరి?"

"ఆఖరా... ఆఖరు గూడ మంచిగనే ఉంటది. కొంచెం నీళ్లియ్యి."

"పక్కనే ఉన్నయి చెంబుల. ఖూనీకోరును పట్టుకునే సీను చెప్పుండ్రి."

"గది చెప్పొద్దే. చూసెటోళ్ల మజా పోతది."

"నాకొక్కదానికి చెప్పుండ్రి."

"నువ్వు గిరాకీ చూడు."

"గిరాకీ ఏడున్నది? గీ ఎండకు కుక్క గూడ వస్తలేదు. నా దిక్కు చూడుండ్రి. మీరు ఆ సినిమా ఆఖరు దాక చూసిండ్రా?"

"ఎన్నిసార్లు చూసిన్నో లెక్కనే లేదు!"

"ఆఖరు దాక?"

"...రాయచూరు టాకీసుల ఆట. ఆడికెళ్లి మాన్వికి ఆఖరు బస్సు తొమ్మిదింటికి ఉంటుండె."

"అయ్యో రామ!"

"నవ్వకు. ఇన్‌స్పెక్టరు అందర్ని హాల్ల నిలవెట్టి తలుపేస్తడు. సరిగ్గ గప్పుడే బస్సు టైమయ్యేది. మా ఊరోళ్లమంత లేచి ఉరుకుతుంటిమి. ఎన్నిసార్లు పోయినా గంతే."

"పగటాటకు పోవచ్చు గద?"

"పగలు దుకాణం ఎవరు చూస్తరు, మీ తాతనా?"

"ఇప్పుడు ఫోన్ల చూడుండ్రి."

"దొరకదే. మన ఆకాష్, వాని దోస్తులు ఏడికెళ్లో పాత రీలు తెచ్చిండ్రు. 'తాతా, ఈ సినిమా జిల్లాల నీకు తెల్సినట్ల ఎవరికి తెల్వదు, నువ్వే మాట్లాడాల' అన్నడు మనవడు. మాట్లాడినంక అందరు సినిమా చూస్తరు, ఆఖరు దాక చూస్తరు! నా ఇజ్జత్ పోతది."

"మరి కంపౌండరే ఖూనీ చేసిండని గిన్నేండ్ల సంది ఊరంత చెప్తిరి గద? లగ్గమైన కొత్తల మా ఇంట్ల బంతిల కూసొని గూడ అదే చెప్తిరి. మా నాయన సగం అన్నంల లేచిపోయె."

"కంపౌండరే! ఇంకెవడు? వాని వాలకం చూస్తె తెలుస్తలేదా? సినిమాల సాహుకారు ఖూనయిన నాడు పొద్దున తల దువ్వుతడు, పగలు దువ్వుతడు, పోలీసులొస్తున్నరంటె మళ్ల దువ్వుతడు. ఏం లేనిది మనిషి గన్నిసార్లు తల దువ్వుతడా?"

"దువ్వుకుంటె ఖూనీకోరు అయితడా?"

"ఖూన్ అనంగనే చేతిల ఉన్న సీసా ఇడ్సిండు. గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకున్నట్లు! మాట గూడ తక్కువ. తక్కువ మాట్లాడెటోన్ని అస్సలు నమ్మొద్దు. ఇప్పుడు మీ నాయననే చూడు..."

"ఆఁ, మా నాయనకేమయ్యె?"

"ఏం లే. పెద్దమనిషి. దేవుడసొంటోడు."

"చేసింది కంపౌండరు కాదు."

"ఏందీ?"

"సాహుకారు సొంత తమ్ముడు. కంపౌండరును పోలీసులు ఉత్తపుణ్యానికి పట్టుకపోయి, తప్పు లేదని ఇడ్సిండ్రు."

"నీకెట్ల తెల్సు? నువ్వు సినిమానే చూడలే!"

"ఆ పుస్తకం మా పుట్టింట్ల ఉండె. చదివిన."

"గిన్నేండ్లు నా పక్కల ఉండి ఒక్క మాట చెప్పలే నువ్వు!"

"అల్లునికి చెప్పొద్దన్నరు మా ఇంట్ల."

"బాగున్నది! అయితే తమ్ముడంటవా... అవునే! శవం మీద పడి అందరికన్న ఎక్కువ ఏడ్సింది వాడే. నాకు మొదటి సంది వాని మీదనే అనుమానం."

"ఇప్పుడే కంపౌండరంటిరి!"

"గది పైకి. లోపల మాత్రం తమ్ముడే. ఇగ బేఫికర్. రేపు మైకుల తమ్ముడనే చెప్త. కంపౌండరు గురించి నేనన్న మాటలంటవా, వాడు సినిమావాళ్లు పుట్టిచ్చినోడు. వాడేమన్న లేచొచ్చి నన్నడుగుతడా?"

"పుట్టిచ్చినోడు కాదు. నిజం మనిషే. అసలు ఆయన పత్తి మిల్లుల గుమస్తా. పుస్తకంల పేరు, పని మార్చిండ్రు."

"బతికున్నడా?"

"రాయిలెక్కున్నడు."

"పత్తి మిల్లంటె, మీ నాయన గూడ పత్తి మిల్లులనే చేసె గద! అయితే మామకు తెల్సుంటడు. ఒకసారి ఫోన్ చేసి అడుగుదమా, ఆయన ఎసొంటోడని? సభల చెప్తె మస్తుగుంటది."

"ఫోన్ ఎందుకు? రేపు ముందు వరుసల కుర్చీ ఎయ్యమన్నడు మా నాయన. 'నీ లగ్గమైన నాటి సంది నన్ను ఖూనీకోరన్న అల్లుడు, నా ముందర ఏమంటడో వినాల' అన్నడు."