కొంగల సాగు

మూడు వైపులా మేడలు లేచాక మిగిలిన చివరి మడి. మధ్యాహ్నం. గట్టు మీద రైతు, అతని భార్య, సర్కారు ఆఫీసరు; వాళ్ళ మధ్య మొలకెత్తిన విత్తనాల బస్తా.

“మొన్న పొద్దున మీరేగా సార్, విత్తనాలిచ్చి నానబెట్టుకోమన్నది?”

“పొద్దునపూట నేను వ్యవసాయ సాయం సీటు పెద్దాయనా. మధ్యాహ్నం నుంచి పక్షుల సంరక్షణ. ఆ సీటాయన రిటైరైతే అదీ నా నెత్తినే పెట్టారు.”

“మనిషి మీరేగా?”

“మనిషిని నేనే. సీటు వేరు.”

“ఈ సీటు ఆ సీటుకి ఓ మాట చెప్పుకోదా?”

“ఉత్తరం రాశాను. ఇంకా నాకు అందలేదు.”

“సార్, ఇవాళ చల్లకపోతే మొలక కుళ్ళిపోతుంది. మడి బీడు పడిందా, ప్లాట్ల వాళ్ళు తెల్లారేసరికి రాళ్ళు పాతేస్తారు. అసలే కాచుక్కూచున్నారు.”

“అందుకేగా కాపాడుతున్నది. ఇది కొంగలు వాలే నేల. ఇక మనిషి కాలు పెట్టకూడదు.”

“అవేమన్నా మా తాతల నాటి కొంగలా? కాలనీ వాళ్ళు మురుగు ఇటు వదిలాక వచ్చినవేగా.”

“ఎలా వస్తేనేం, వచ్చాయి. ఆ మేడమీదావిడ ఫొటోలు కూడా పంపింది. వాటిల్లో మీరూ ఉన్నారు.”

“నేనా?”

“తెల్లచొక్కాతో వంగి ఉన్నారు. మావాళ్ళు మిమ్మల్నీ కొంగ కిందే రాసేశారు. రేపు దిద్దాలి.”

“వినబడిందటే? నేను కొంగనట.”

“నువ్వుండవయ్యా కాసేపు. అయ్యా, నేనొకటి అడుగుతాను. కొంగలకి గింజలు వేయొచ్చా?”

“వేయొచ్చేమిటమ్మా, వేయాలి. మా పథకమే అది. గట్టు మీంచి విసరాలి, అంతే. దిగకూడదు.”

“ఈ బస్తా మొత్తం?”

“వాటి ఆకలిని బట్టి.”

“కొంగలు గింజలు తింటాయటే, పిచ్చిదానా?”

“తినకపోతేనే మంచిది, నువ్వు నోరు ముయ్యి. అయ్యా, తినగా మిగిలినవి మొలిస్తే మా తప్పేం లేదుగా?”

“లేదు. అది ప్రకృతి.”

“దమ్ము చేసిన మడి. ప్రకృతి బాగానే మొలుస్తుంది.”

“ఉండండుండండి. అంటే ఈ ఏడు విత్తింది మీరు కాదు, కొంగలు.”

“అంతేగా మరి.”

“అయితే రైతులు కొంగలే. రేపు పొద్దున ఆ సీట్లో కూచోగానే సాయం, పాసుపుస్తకం వాటి పేరుకి మార్చేస్తాను. ఎక్కడికీ ఎగిరిపోకుండా ఇంటి దగ్గరే ఉండమనండి.”

“సార్, మడి కొంగలకా? మరి మేం?”

“నేనేం చెయ్యను పెద్దాయనా. విత్తినవాళ్ళదే మడి. రూలు.”

“చూశావటే, నీ తెలివి! ఉన్నది కాస్తా పక్షుల పాలు చేశావు.”

“నువ్వుండవయ్యా. అయ్యా, ఆ ఫొటో... ఇంకా దిద్దలేదన్నారుగా?”

“రేపు దిద్దుతానమ్మా.”

“దిద్దకండి. మా ఆయన కొంగే.”