ఎలుకల రాయి ముందు

రండి, దగ్గరకు జరగండి, ఆ కబుర్లు కాసేపు కట్టిపెట్టండి! క్యోటోలో ఒక ప్రయోగశాల వెనక, చనిపోయిన ఎలుకలకు ఏటా పూలు పెట్టే రాయి ముందు శిగెనో, ఆమె మాస్టారు నిలబడ్డారు.

"వీటికేం చెప్పుకోను మాస్టారూ? ప్రతి కణంలోనూ ఉంటుంది ఒక ప్రోటీన్ల గుంపు. దాని పనేంటో తేలుద్దామని, అది లేకుండా నాలుగొందల ఎలుకల్ని పుట్టించి కోశాను. ఒక్కదాంట్లోనూ తేడా లేదు."

"తెలీలేదనే చెప్పమ్మా. ఇరవయ్యేళ్లుగా నేనూ అదే చెబుతున్నా."

"ఇంకో వంద కావాలని అర్జీ రాశాను."

"సంతకం పెట్టమంటావా?"

శిగెనో పూలు సర్దింది.

"వద్దు మాస్టారూ. కోసినవాటి ముక్కలన్నీ దాచే ఉన్నాయి. ముందు వాటినే మళ్లీ చూస్తాను."

పక్కనే ఆకులు ఊడుస్తున్న తోటమాలి చీపురు ఆపాడు.

"ఆ గుంపేదో ఎలుకల ఒంట్లోదేగా తల్లీ! దాని పనేంటో బతికున్నవాటినే అడిగుంటే సరిపోయేది."