సగం గడ్డం

చిన్న సెలూన్, ఒకటే కుర్చీ. కూర్చున్నది బావమరిది, కత్తి పట్టుకున్నది బావ.

"...కదలకు. ఇంకా ఈ చెంప మిగిలింది."

"నేనెక్కడ కదిలాను బావా? కదులుతున్నది నువ్వు. ఓసారి ఆ కాలు మీద, ఓసారి ఈ కాలు మీద."

"అబ్బా... ఒక్క నిమిషం. ఇప్పుడే వస్తా."

"మళ్ళీనా? ఇప్పుడేగా వెళ్ళొచ్చావు?"

"వచ్చి చెప్తా, వచ్చి చెప్తా!"

"...వచ్చావా? నురగంతా ఎండిపోయింది."

"మళ్ళీ రాస్తాలే. ఏం చెయ్యమంటావు, వస్తే ఆగదు. తీరా వెళ్తే నాలుగు చుక్కలు."

"డాక్టరు ఏమంటాడు?"

"షుగరు లేదు, రాయి లేదు, ఇన్‌ఫెక్షన్ లేదు. స్కానింగు కూడా బాగుందట. అన్నీ బాగున్నాయి, నేను తప్ప."

"రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నావో మూడు రోజులు రాసి తెమ్మన్నాడటగా? నువ్వేమో తొమ్మిదని రాశావట. అక్క చెప్పింది."

"మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు."

"తొమ్మిదేంటి బావా? నేను కూర్చున్నాకే మూడు!"

"తల తిప్పకు, కత్తుంది."

"డాక్టరు దగ్గరే దాస్తే జబ్బేంటో ఎలా తెలుస్తుంది?"

"ఇరవై ఆరు అని రాస్తే? పని మానెయ్ అంటాడు. ఈ వీధిలో తెలిస్తే నా కత్తి కింద మెడ పెట్టేదెవడు? ఇప్పటికే ఒకాయన సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు."

"పోనీ, చెయ్యి అదిరితే?"

"అదరదు. ఇరవై ఏళ్ళ చెయ్యి ఇది. ఇన్నేళ్ళలో ఎవరికైనా గాటు పడిందా?"

"పడింది."

"ఎవడికి?"

"నాకు."

"పొద్దున్నే వేళాకోళమా?"

"పోయిన శుక్రవారం. ఉన్నట్టుండి కత్తి విసురుగా లాగి బల్ల మీద పడేసి పరిగెత్తావు చూడు, అప్పుడు. నువ్వొచ్చేలోగా తువ్వాలు అడ్డం పెట్టుకుని, నువ్వు రాగానే పనుందని చెప్పి వెళ్ళిపోయా. నురగ తుడిచి ఈ చెవి కింద చూడు."

"అయ్యో... ఒరేయ్... ఇది... ఇంకో వేలెడు కిందికైతే? చెప్పవేంరా!"

"చెబితే కొట్టు మూసుకుని కూర్చుంటావని."

"మరి మళ్ళీ ఏ ధైర్యంతో వచ్చావు?"

"ధైర్యమా? భయంగానే ఉంది. అయినా ఇంకెవడి మెడో తెగేకంటే నాదే నయం. నువ్వా తొమ్మిది కొట్టేసి నిజం రాసేదాకా రోజూ పొద్దున్నే వస్తా, ఈ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వను. ఊఁ, కానీ బావా. కత్తి చెంపకి పెట్టు."