కొర్రమేను వ్యాసంలో నా పేరు

"నాయనమ్మా, ఈ పాత జర్నల్లో నీ పేరుందేంటి?"

ఏదీ, ఇలా తే. అబ్బో, ఇదింకా ఉందా! నాకు చదువు రాదుగానీ అట్ట గుర్తే. ఇది మన డెల్టా గురించి వేసిన పుస్తకమే. పటమటలో ప్రసాదరావు మేష్టారని, కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఆయనే మొదలెట్టారు. కాలవల మీద ఒకరు, వరి మీద ఒకరు, పాటల మీద ఒకరు, చేపల మీద ఒకరు, ఇట్టా మన ప్రాంతం సంగతులన్నీ తలా ఒక శాస్త్రం వాళ్ళు రాయాలన్నమాట. మొదటి సంచిక కోసం ఏడాదిపాటు అందరి గుమ్మాలూ ఎక్కి దిగారు పాపం. ఆ ఇంటికి ఆదివారం ఆదివారం నేనే చేపలు వేసేదాన్ని. అప్పట్లో రెండ్రూపాయలు పెడితే ఎంతేసి చేపొచ్చేదనీ... సరే, అదొదిలెయ్.

ఒకరోజు వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తున్నా. మేష్టారు ప్రూఫులు పైకి చదువుకుంటున్నారు. కొర్రమేను గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందట, పిల్లల్ని పట్టించుకోదట. నాకు నవ్వాగలేదమ్మా.

"ఎందుకు మాణిక్యం ఆ నవ్వు? రాసింది జువాలజీ డాక్టరు గారు!" అన్నారు మొహం ఎర్రగా చేసుకుని.

"డాక్టరు గారు కూర తిన్నారేమోగానీ చెరువులో దిగలేదండీ. పిల్లలకి ఆ చేప కాసినంత కాపలా మా అత్తగారు నాక్కూడా కాయలేదు" అన్నా.

మేష్టారి భార్య పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు, హడలిపోయారు. ఆ పుస్తకం ఢిల్లీకి, ఇంకా ఏవేవో దేశాలకి పోస్టులో పోవాలట మరి. నాకూ భయమేసింది, మంచి వాడుక ఇల్లు పోతుందేమోనని.

ఎలా ఒప్పించారో, పై ఆదివారం డాక్టరు గారిని వెంటబెట్టుకుని బస్టాండులో ఉన్నారు మేష్టారు. కైకలూరు బస్సెక్కి కొల్లేటి దగ్గర మా పుట్టింటికి పోయాం. వానాకాలం. మా తమ్ముడు, కాదు కాదు, తమ్ముడప్పుడు ఊళ్ళో లేడు, మా చిన్నాన్న దోనె తోశాడు. గడ్డి పక్కన నీళ్ళ మీద కారం చల్లినట్టు ఎర్రగా పిల్లల గుంపు.

"అవేనండీ. తల్లి కిందే ఉంటది, చెయ్యి పెట్టమాకండి" అన్నా.

"ఏం చేస్తుందిలే" అని ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి నీళ్ళలో చెయ్యి పెట్టారు డాక్టరు గారు.

ఒక్క ఉదుటున లేచిందమ్మా తల్లి! వేలు పట్టేసింది. ఆయన "అమ్మో" అని వెనక్కి పడటం, దోనె ఒరగటం, ఆయన నీళ్ళలో ఉండటం! మొలలోతేలే. కళ్ళజోడు కోసం మా చిన్నాన్న మూడుసార్లు మునిగాడు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నా.

ఒంటినిండా నాచుతో లేచి నిలబడి ఆయనేమన్నారో తెలుసా? "మేష్టారూ, అచ్చు ఆపించండి. తిరగరాస్తాను. ఈవిడ పేరు కూడా వెయ్యాలి." తిడతారనుకున్నా. కళ్ళనీళ్ళు తిరిగినయ్ నాకు. పెద్దమనిషమ్మా.

పుస్తకమొచ్చాక మీ తాత నమ్మితేగా! "ఇంకెవరో మాణిక్యం అయ్యుంటదిలే" అన్నాడు. మేష్టారి దగ్గరికి లాక్కెళ్ళి చదివించా. ఇంకేముంది, చేపల బజారంతా తిరిగి తనే రాసినట్టు చెప్పుకొచ్చాడు.

నువ్వూ ఇట్టాంటి పుస్తకాలకే రాస్తున్నావటగా. రాయి తల్లీ, పదికాలాలు చల్లగా ఉండు. కాకపోతే అచ్చుకి పంపేముందు నాకోసారి చదివి వినిపించు. అందులో చేపల సంగతేమన్నా ఉంటే మాత్రం...