మూడో నంబరుకు పలికిన ఇంజను

నా పేరు వీబ్కె హార్మ్‌సెన్. వయసు ఇరవై మూడు. బ్రౌన్‌ష్వైగ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఉండేది ఓస్టర్‌వెడె ఊళ్ళో, బేకరీ పై వాటాలో. వృత్తి అన్న చోట "విద్యార్థిని" అని రాసుకున్నారు. పక్కనే "పాత ఇంజన్లకు ప్రాణం పోయబడును" అని కూడా చేర్చమని కోరాను. పోలీసు అధికారి లూబర్స్ మేడం చేర్చలేదు. నేను కోరిన సంగతి మాత్రం రాశారు.

నా మీద ఫిర్యాదు చేసినవారు హార్ట్‌విగ్ బ్రున్‌ఖోర్స్ట్ గారు. వయసు డెబ్బై ఒకటి. రిటైరైన పళ్ళ డాక్టరు, మా ఊరి బుల్లి రైళ్ళ సంఘానికి అధ్యక్షులు. సంఘం అక్టోబరులో పెట్టే పాత బొమ్మ రైళ్ళ సంతలో ఆయన దగ్గర పాడైన ఇంజను కొన్నట్టు నటించి, పక్కనే ఉన్న మంచి ఇంజను ఎత్తుకుపోయానని ఆయన ఆరోపణ. నేను ఎత్తుకుపోలేదు. నేను కొన్నది పాడైనదే. అది మంచిదయ్యింది నా చేతిలో. ఈ ఆఖరి వాక్యం కింద గీత గీయాలని మనవి.

అక్టోబరు పన్నెండు, ఆదివారం, ఉదయం పదిన్నరకు నేను సంతకు వెళ్ళాను. ఏటా లాగే అగ్నిమాపక దళం షెడ్డులో పెట్టారు. ఫైరింజన్లు బయట వానలో నిలబడి ఉన్నాయి, మా ఇంజన్లు లోపల వెచ్చగా ఉన్నాయి. బ్రున్‌ఖోర్స్ట్ గారి బల్ల మీద నల్లటి ఆవిరి ఇంజన్లు రెండున్నాయి. జానెడు పొడవు, అచ్చు కవలలు. ఒకదానికి ఆయన షాపులో కొత్త ఎలక్ట్రానిక్ కార్డు వేయించారు. రెండోదాని కడుపులో మాత్రం నేను పుట్టకముందు నాటి ఎలక్ట్రానిక్సే ఉంది.

"ఈ రెండోది నడుస్తుందాండీ?" అని అడిగాను.

"నడవదు. గుర్రుమంటుంది. అద్దాల బీరువాలో పెట్టుకో, బావుంటుంది."

"పట్టాల మీద పెట్టి చూపించండి."

"చచ్చినదానికి నాడి చూస్తానంటావేంటి, అమ్మాయ్?"

అయినా పెట్టారు. సంతలో ఒక బల్ల మీద గుండ్రంగా పట్టాలు వేసి ఉంటాయి. ఎవరు అడిగినా దాని మీద నడిపి చూపించాల్సిందే. ఇంజను గుర్రుమంది, కప్పలా ఒక్క గెంతు గెంతింది, ఆగింది, కాలిన వాసన వదిలింది. నాకు చాలా నచ్చింది. నలభై యూరోలిచ్చి చెయ్యి కలిపాను. మా సంతలో చెయ్యి కలిపాక తిరిగి ఇవ్వడాలూ, తిరిగి అడగడాలూ ఉండవు. కాఫీ కౌంటరులో కేకులు కోస్తున్న ఎడ్డా గారు ఇదంతా చూశారు. "పిల్లా, నలభై పెట్టి ఇనప ముక్క కొన్నావా?" అని కూడా అన్నారు.

తర్వాత ఏం చేశానో చెప్పమన్నారు. సంతోషంగా చెబుతాను. మేడం, కావలిస్తే ఇంకో కాగితం తీసుకోండి.

పై తొడుగు విప్పాను. గ్రీజు ముదురుపాకంలా గట్టిపడి ఉంది. పుల్లతో గీకి, గేర్లన్నీ పంటి పంటికీ తోమాను. పాత బోర్డు పీకాను. అది ఇప్పుడు మా ఇంట్లో దగ్గు బిళ్ళల డబ్బాలో ఉంది, ఎప్పుడడిగినా హాజరు పరుస్తాను. మోటారులో తీగచుట్ట తీసి అయస్కాంతం పెట్టాను, బ్రష్షులు మార్చాను, కొత్త కార్డు సోల్డరింగ్ చేశాను. పదకొండు అతుకులు. ఒక్కటి కూడా గడ్డకట్టలేదు, మెరుస్తున్నాయి. తర్వాత నెల రోజులు వేగం సరిచేస్తూ కూర్చున్నాను. ఈ ఇంజను ఇప్పుడు ఎంత నెమ్మదిగా నడుస్తుందంటే, చూసేవాళ్ళు ఆగిపోయిందనుకుని వెళ్ళిపోతారు, తిరిగొచ్చేసరికి స్టేషను దాటి ఉంటుంది. వేగంగా నడపడం ఎవరికైనా చేతనవుతుంది. నెమ్మదిగా నడపడమే చదువు.

ఇంత చేసి ఒక్కటి మరిచిపోయాను. మా పట్టాల్లో కరెంటు అన్ని ఇంజన్లకూ ఒకేసారి పారుతుంది. ఏ ఇంజను కదలాలో నంబరు పెట్టి పిలుస్తాం. కొత్త కార్డు ఏదైనా ఫ్యాక్టరీ నుంచి మూడో నంబరుతోనే వస్తుంది. కొన్నవాళ్ళు మార్చుకోవాలి. నా నడక చూసుకుని నేనే మురిసిపోతూ మార్చలేదు. బ్రున్‌ఖోర్స్ట్ గారూ తన మంచి ఇంజనుకు మార్చలేదు. షాపువాళ్ళు ఎలా ఇస్తే అలాగే వాడుకున్నారు.

నవంబరు ముప్ఫై, అంటే నేడు, క్రిస్మస్‌కు ముందొచ్చే మొదటి ఆడ్వెంట్ ఆదివారం, అదే షెడ్డులో మా ప్రదర్శన. మధ్యాహ్నం రెండింటికి నా ఇంజనును బొగ్గు డిపో పక్క పట్టాల మీద నిలబెట్టి, ప్లమ్ పళ్ళ కేకు తినడానికి వెళ్ళాను. ఆ సమయంలో బ్రున్‌ఖోర్స్ట్ గారు తన ఇంజనును స్టేషనులో పెట్టి, మూడో నంబరు నొక్కి, మీట తిప్పారు. ఆయన ఇంజను కదల్లేదు. నాది కదిలింది. డిపోలోంచి రాణీగారిలా బయటికొచ్చి, జనం ముందునుంచి వెళ్ళింది. చప్పట్లు కొట్టారు. నేను కేకుతో సహా పరిగెత్తాను.

"నా మీటకు పలికింది! నా నంబరుకు పలికింది!" అని బ్రున్‌ఖోర్స్ట్ గారు అరిచారు. "ఇది నా ఇంజను! చచ్చినదాన్ని నాకు అంటగట్టి బతికున్నదాన్ని పట్టుకుపోయావు!"

"చచ్చినదాన్ని నేనే బతికించానండీ."

"నలభై ఏళ్ళ బోర్డును బతికించడానికి నువ్వేమైనా దేవుడివా?"

"కాదండీ, ఆఖరి సంవత్సరం."

ఎడ్డా గారు కేకు కత్తి పట్టుకునే వచ్చారు. "హార్ట్‌విగ్, నువ్వే కదయ్యా చెయ్యి కలిపి అమ్మావు. నేను చూశాను."

"అమ్మింది చూశావు. సంచిలో ఏది వేసుకుందో చూశావా?"

చూడలేదు. ఎడ్డా గారు నిజం చెప్పే మనిషి, కాబట్టి చూడలేదనే అన్నారు. అధ్యక్షులు మీకు ఫోన్ చేశారు. నేరం నా మీద నిలిస్తే ఇంజను ఆయనకు పోతుంది, నాకు దొంగ అన్న పేరు మిగులుతుంది. పేరు పోతే ఎలాగో భరించేదాన్ని. ఆ నడకను ఆయన తన పనితనమని చూపించుకుంటే మాత్రం భరించలేను.

మూడింటికి లూబర్స్ మేడం వచ్చారు. ఇక్కడినుంచి జరిగింది మేడం స్వయంగా చూశారు, అయినా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ముందుగా నా ఇంజనుకు ఇరవై నాలుగో నంబరు వేశాను. తర్వాత బ్రున్‌ఖోర్స్ట్ గారి ఇంజనును వెల్లకిలా తిప్పాను. చక్రాల మీద నల్లటి గార. కరెంటు లోపలికి పోయే దారే లేదు.

"డాక్టరుగారూ, రోజూ రెండుసార్లు తోముకోమని నా చిన్నప్పుడు మీరే చెప్పేవారు," అన్నాను.

షెడ్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. దూదికి స్పిరిట్ అద్ది చక్రాలు తుడిచి, పట్టాల మీద పెట్టి, "ఇప్పుడు మూడు నొక్కండి," అన్నాను. నొక్కారు. ఆయన ఇంజను మూలిగింది, కదిలింది. నాది నిలబడిన చోటే నిలబడింది.

"ఇందులో ఏం తేలింది?" అని మేడం అడిగారు.

"మూడుకు పలకాలంటే లోపల కొత్త కార్డు ఉండాలండీ. పాత బోర్డుకు ఆ భాషే రాదు. డాక్టరుగారి దగ్గరున్నది పలికింది. అంటే ఆయన మంచి ఇంజను ఆయన దగ్గరే ఉంది. నేను తీసుకెళ్ళింది చచ్చినదే."

బ్రున్‌ఖోర్స్ట్ గారు వంగి తన ఇంజనును చూశారు. అది కుంటుతూ నడుస్తోంది. తర్వాత నాదాన్ని చూశారు. "కొత్త కార్డు దీనికీ ఉందిగా. మరి అది అలా ఎందుకు నడవదు?" అని మెల్లగా అడిగారు.

"షాపువాళ్ళు కార్డు వేశారండీ. నాలా నెల రోజులు దాని ముందు కూర్చోలేదు."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే చెప్పారు. రికార్డు కోసం నా వాంగ్మూలం కావాలన్నారు, ఇస్తున్నాను.

ఇంకొక్క విషయం. ఇప్పుడు నా సంచిలో అచ్చంగా ఒకేలా ఉన్న ఇంజన్లు రెండున్నాయి. ఒకటి నాది. రెండోది బ్రున్‌ఖోర్స్ట్ గారిది. "దీన్ని కూడా అలా నడిపించు, అమ్మాయ్," అంటూ షెడ్డు గుమ్మంలో, లూబర్స్ మేడం ఎదుటే, ఆయనే తన చేత్తో ఇచ్చారు. దాన్ని నేను ఎత్తుకుపోవడం లేదని, క్రిస్మస్ నాటికి అది కూడా స్టేషను దాటడానికి కేకు తినేంత సేపు తీసుకుంటుందని, అది చూసి ఆయన మళ్ళీ మిమ్మల్ని పిలవకూడదని ఇందుమూలంగా రాయించుకుంటున్నాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, నా గొప్పలతో సహా. అవి కూడా నిజాలేనని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

సంతకం: వీబ్కె హార్మ్‌సెన్