ఆరో సూది

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి. కొత్త మందుల్ని పరీక్షించే గదిలో నర్సు రెబెకా ఎదురుగా కోమలి కూర్చొని ఉంది. ఏడేండ్ల లోహిత తల్లి ఒళ్ళో నిద్రపోతా ఉంది.

"ఆరోది మిగిలుండాది సిస్టరమ్మా. అదొక్కటి వెయ్యనీండి. ఒక్కటంటే ఒక్కటి."

"రెండు వారాలకొకటి లెక్కన ఐదు వేసినావు కదా కోమలీ. మోకాళ్ళ వాపు తగ్గిందా?"

"తగ్గతా ఉండాది…"

"నాతోనే అబద్ధమా? ఇప్పుడే కదా టేపుతో కొలిచినా."

"పొద్దునపూట అట్ల. మధ్యాన్నానికి మేలే. నిన్న గోడ పట్టుకొని నిలబడింది."

"పోయిన నెల గోడ పట్టకుండానే నిలబడింది తల్లీ."

"అప్పుడింత చలి లేదు సిస్టరమ్మా."

"రక్తంలో గూడా మార్పు లేదు. ఈ బిడ్డకు మందు పని చెయ్యలేదని డాక్టరు రాసేసినాడు. పరీక్ష నుంచి తప్పుకున్నట్టు సంతకం పెట్టు."

"ముందిచ్చిన మందులో ఎలకది కొంత కలిసుండాది, అందుకే పాప ఒళ్ళు ఒప్పుకోలేదు, ఇదైతే అచ్చం మనిషిదే అంటిరే! మనిషిది మనిషికెందుకు పట్టలేదు?"

"మనిషి ఒంట్లో పుట్టే యాంటీబాడీ మాదిరే చేసినారు. వాపును రేపేదాన్ని పోయి పట్టుకుంటుంది. అయినా అందరికీ పట్టాలని లేదు."

"నాయుడుపేట పాపకు పట్టింది కదా. సైకిలు తొక్కతా ఉందంట."

"ఆ పాపకు పట్టింది."

"మళ్ళా ఎప్పుడన్నా చేర్చుకుంటారా?"

"చేర్చుకునేది నిన్నటితో మూసేసినారు. బయట కొందామన్నా ఇది ఇంకా అంగడికే రాలేదు."

"నేనేమన్నా తప్పు చేసినానా? ఎనిమిదితో బడి మానేసినా, మందుతో ఇచ్చిన కాగితం కూడబలుక్కోని మొత్తం చదివినా. చల్లగా ఉండాదని రోజూ టిక్కు పెట్టినా. వేసే ముందర అరచేతుల్లో పెట్టుకొని వెచ్చజేసినా."

"నీ తప్పేం లేదు. నీ అంత భద్రంగా ఎవురూ చూసుకోలేదు. తడ నుంచి వచ్చే ఆయమ్మ బస్సులో ఎండకు పెట్టి మూడు పాడుచేసింది."

"మా ఊర్లో కరెంటు నిలవదు. అయినా ఒక్క పూట గూడా వేడి తగలనీలేదు."

"ఇది వేడికీ చచ్చిపోతుంది, గడ్డకట్టినా చచ్చిపోతుంది. అంత సుకుమారం."

"గడ్డకడితే… గూడానా?"

"ఒక్కసారి గడ్డకట్టిందంటే, కరిగినాక ఉత్త నీళ్ళతో సమానం. డబ్బా మీద మంచు బొమ్మకు అడ్డగీత కొట్టుంటుంది, చూడలేదా?"

"ముగ్గనుకున్నా."

"ఏమన్నావు?"

"ఏం లేదు. సంతకం యాడ పెట్టాల?"

"ఇప్పటిదాకా పెట్టనంటివే! ఉండు, ఆరో సూది వెనక్కియ్యాల."

"అది లేదు సిస్టరమ్మా. పగిలిపోయింది."

"మిగిలుండాదని ఇందాకేగా అంటివి?"

"ఇప్పుడే… మా ఆయన ఫోను…"

"మే కోమలీ, ఏం పగిలిపోయింది? ఇదో, ఐసు డబ్బాలో ఉండాది కదా! దండాలు సిస్టరమ్మా. నేను ధనంజయ, లోహిత నాయన్ని. డ్యూటీ దిగి నేరుగా వస్తా ఉండా."

"రాప్పా. ఇట్లియ్యి. ఇదేంది, రాయి మాదిరుండాది?"

"మావా, నువ్వు పొయ్యి ఆటో చూడు పో."

"ఉండు మే, ఆయమ్మ అడగతా ఉంటే! బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జును గడ్డకట్టించే చల్లగది నా డ్యూటీనే సిస్టరమ్మా. ఇంట్లో ఫ్రిజ్జును నమ్మలేక, మా మేనేజరు కాళ్ళు పట్టుకొని ఆడ పెట్టినా. ఆడ గుజ్జు రెండేండ్లున్నా చెడిపోదు."

"మావా, నీకు దండం పెడతా…"

"మొదటి సూది నుంచీ ఆడేనా?"

"మొదటి దాన్నుంచీ ఆడే. బిడ్డ మందు కదమ్మా, ఒక్కటి గూడా చెడనీలేదు."