పదకొండుసార్లు తిరిగొచ్చిన దరఖాస్తు

సభాధ్యక్షురాలు, మా శాఖాధిపతి మేడం గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న వదినగారికి, వెనక వరుసలో కూర్చుంటే కనపడమనుకుంటున్న నా తోటి విద్యార్థులకు, ఈరోజు ఉద్యోగ విరమణ చేస్తున్న మా అటెండరు గారికి నమస్కారం. మీరంతా ఆయన్ని బెల్లు బాబాయ్ అంటారు. నాకూ ఆయనకూ వయసులో పదేళ్ళకు మించి తేడా లేదు కాబట్టి నేను అన్నయ్యగారూ అంటాను, వారి భార్యని వదినగారూ అంటాను.

నన్ను ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. నేను గృహిణిని. ఇరవై రెండేళ్ళు ఇల్లు నడిపాక, మా అమ్మాయి కాలేజీ చదువు ముగించిన ఏడాదే, ఇక్కడ మొదటి సంవత్సరంలో చేరాను. ఏ పనైనా తేదీ వేసి పుస్తకంలో రాసుకునే అలవాటు నాది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కల్పన లేదు, కావాలంటే పుస్తకం సంచిలోనే ఉంది. (నవ్వులు)

క్లాసులు మొదలైన రోజున ఇరవై నిమిషాలు ముందే వచ్చి, వరండాలో గోడ పక్కన నిలబడ్డాను. కొత్త చోట నాకు నోరు పెగలదు. మా వీధిలో కూరగాయల కొట్లోనైనా చేత్తో చూపించి కొనుక్కునే మనిషిని. బెల్లు కొట్టాక కూడా అలాగే నిలబడి ఉంటే అన్నయ్యగారు గబగబా వచ్చి, "కొత్త మేడం గారా? రండి రండి, పిల్లలు ఎదురు చూస్తున్నారు" అంటూ హాజరుపట్టీ, సుద్దముక్కల డబ్బా నా చేతుల్లో పెట్టేశారు. "కాదండీ" అందామనుకున్నాను, అది గొంతు దాటేలోగా ఆయన తలుపు తీశారు. లోపల అరవై ఒక్కమంది లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. అంతమంది నిలబడితే కూర్చోమనడం తప్ప నాకు వేరే మర్యాద తోచలేదు. వాళ్ళు కూర్చుని నా వైపే చూస్తుంటే, చేతిలో ఉన్నది హాజరుపట్టీ కాబట్టి, తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

యాభై మూడో పేరు నాది. పిలిచాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఆబ్సెంటు వేయడానికి మనసొప్పక, చివరికి నేనే "ప్రెజెంట్ మేడం" అన్నాను. (నవ్వులు) మేడం గారు కూడా నవ్వుతున్నారు. ఆ రోజు సరిగ్గా అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది వారే మరి. వారు నన్ను కోప్పడలేదు. "మిగతావి కూడా పిలిచేయండి, బాగానే పిలుస్తున్నారు" అన్నారంతే. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. మిగిలిన తొమ్మిది పేర్లు ఎలా పిలిచానో, ఎక్కడ కూర్చున్నానో నాకు గుర్తులేదు.

ఇంటికెళ్ళి చెబితే మా అమ్మాయి, "అమ్మా, నువ్వు హాజరు వేయించుకోవడానికి వెళ్ళావా, వేయడానికి వెళ్ళావా?" అంది. ఇక చాలు, మానేద్దామనుకున్నాను. అది ఉత్త మాట కాదు. పుస్తకంలో కొట్టివేత లేకుండా రాసుకున్న నిర్ణయం. మర్నాడే టి.సి. కోసం దరఖాస్తు తెచ్చి అన్నయ్యగారికి ఇచ్చాను. మా శాఖలో ఏ కాగితమైనా ముందు ఆయన చేతికే వెళ్ళాలి. కారణం అన్నచోట ఉన్నదున్నట్టు రాశాను: "మొదటి రోజున అటెండరు గారు నాకు హాజరుపట్టీ ఇచ్చినందువల్ల తరగతిలో తలెత్తుకోలేకపోతున్నాను."

ఆయన అది చదివి, "తేదీ వేయలేదమ్మా, రేపు రండి. ఎలాగూ వచ్చారు, బెల్లు కొడుతున్నాను, వెళ్ళి కూర్చోండి" అన్నారు. మర్నాడు మార్జిను చాల్లేదన్నారు. ఆ మర్నాడు విధేయురాలు అన్నచోట గీత వంకరగా ఉందన్నారు. కాగితం మూడు మడతలు పెట్టకూడదన్నారు, ఇంకోరోజు రెండే మడతలు ఏమిటన్నారు. నా జీవితంలో ఒక్క ఫారం కూడా తప్పుందని తిరిగి రాలేదు, నాకు పంతం వచ్చింది. పదకొండు రోజులు పదకొండుసార్లు తిరగరాశాను. వచ్చినరోజల్లా ఎలాగూ వచ్చాను కదా అని క్లాసులో కూర్చున్నాను.

ఆ పదకొండు రోజుల్లో ఒకటి జరిగింది. అరవై ఒక్కమంది పిల్లలకి ఒకరి పేరు ఒకరికి తెలియదు. నాకు మాత్రం అందరి పేర్లూ తెలుసు, పిలిచింది నేనే కదా. ఆరో రోజున పక్కనున్న అమ్మాయి మెల్లగా, "ఆంటీ, ఆ కిటికీ దగ్గర కళ్ళజోడు అబ్బాయి పేరేంటి?" అంది. చెప్పాను. ఎందుకడిగిందో ఇప్పుడు చెప్పను, ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. (నవ్వులు, వెనక నుంచి ఈలలు) తర్వాత ఇంకొకరు నోట్సు కోసం, ఇంకొకరు తన పేరు సరిగ్గా పలికింది నేనొక్కదాన్నేనని చెప్పడానికి వచ్చారు. అలా నేను ఎవరి దగ్గరికీ వెళ్ళకుండానే అందరూ నా దగ్గరికి వచ్చారు.

పన్నెండో రోజు అన్నయ్యగారు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇవాళ తప్పేమీ దొరకలేదమ్మా" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. నేను చెయ్యి చాచి, "ఇటివ్వండి. నాకు క్లాసుంది" అన్నాను.

ఇంతకాలం నా మేలు కోరే ఆయన అలా చేశారనుకున్నాను. ఈ సభలో అదే చెబుదామని పోయిన వారం ఆయన్ని అడిగాను కూడా. ఆయన నేల చూపులు చూస్తూ, "అబద్ధం చెప్పలేనమ్మా. కారణం దగ్గర నా తప్పే రాశారు. అది పైకెళితే నాకు మెమో వస్తుందని గుండె జారిపోయింది. అందుకే రోజుకో వంక పెట్టాను" అన్నారు.

"మరి ఆ ఒక్క వాక్యం మార్చమంటే మార్చేదాన్ని కదా?"

"అడగడానికి సిగ్గేసిందమ్మా." (హాలంతా నవ్వులు)

ఒక్క క్షణం నాకు మనసు చివుక్కుమన్న మాట నిజం. ఇంటికెళ్ళాక మాత్రం ఎందుకో తేలికపడ్డాను. ఆ పదకొండు రోజులూ ఆ వరండాలో భయపడుతూ నిలబడింది నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఆయన ఇంకోమాట కూడా అన్నారు. "వచ్చే వారం నుంచి ఇంట్లో ఏం చేయాలో తెలియట్లేదమ్మా. పొద్దున తొమ్మిదింటికి ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియదు." అన్నయ్యగారూ, చదువులో నేను ఇంకా విద్యార్థినే కానీ, ఈ విషయంలో నా మాట మీరు వినాలి. ఆ ఇంట్లో వదినగారు సీనియరు, మీరు కొత్తగా చేరుతున్నారు. డబ్బాల మూతలు తీసి సలహాలు చెప్పకండి. కొన్నాళ్ళు చూడండి. తెలియనిది అడగండి. అడగడానికి సిగ్గేస్తే, సిగ్గేస్తోందనైనా చెప్పండి. మొదటి సంవత్సరం కష్టంగానే ఉంటుంది, గడుస్తుంది. వదినగారూ, మీరు కూడా కాస్త నెమ్మదిగా, ఎన్నిసార్లు తప్పు చేసినా మర్నాడు మళ్ళీ రమ్మనండి.

ఇంత ఓపికగా విన్న మేడం గారికి, పెద్దలకు, పిల్లలందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యగారికి చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది. ఆనాడు మనిద్దరిలో ఏ ఒక్కరం నోరు తెరిచి అసలు సంగతి చెప్పినా పదకొండు కాగితాలు మిగిలేవి. నేను మాత్రం ఇక్కడ మిగిలేదాన్ని కాదు. ఆ మాట మీ ఎదుట ఇంతమందిలో చెప్పగలిగాను, ఇక సంతోషంగా సెలవు తీసుకుంటాను.